పిల్లలకు నీటి భద్రత: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లిన పిల్లలు చెరువులోనో వ్యవసాయ బావిలోనో మునిగిపోయారన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తూనే ఉంటుంది. పిల్లలకు ఈత నేర్పుతున్న నన్ను తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, ఒక్కొక్కదానికి నాకు తెలిసినంత వివరంగా సమాధానం రాశాను.

పిల్లలకు నీటి భద్రత నేర్పడమంటే ఈత నేర్పడమేనా?

కాదు. ఈత అందులో ఒక భాగం మాత్రమే. నీళ్లలో అనుకోకుండా పడిపోయిన పిల్లవాడు మునిగి పైకి తేలాలి, వెంటనే ఊపిరి తీసుకోవాలి, కనీసం ఒక నిమిషం పాటు ఉన్నచోటే తేలుతూ ఉండగలగాలి, చుట్టూ తిరిగి దగ్గరి ఒడ్డు ఎటుందో చూసుకోవాలి, అక్కడి దాకా ఒక 25 మీటర్లు వెళ్లగలగాలి, చివరికి మెట్లూ నిచ్చెనా లేకపోయినా గట్టెక్కగలగాలి. ఈ వరుస అంతా వచ్చినప్పుడే ఆ పిల్లవాడికి కనీస నైపుణ్యం వచ్చినట్లు లెక్క. చేతులు అందంగా వేస్తూ ఈత కొలనులో నాలుగు రౌండ్లు కొట్టే పిల్లలు కూడా, మధ్యలో ఆగి తేలమంటే తడబడటం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ ఒంటికి సంబంధించిన నైపుణ్యాలు. వీటికంటే ముందు బుద్ధికి సంబంధించినవి మూడున్నాయి. ఏ నీళ్లలోకి దిగకూడదో తెలియడం, పెద్దవాళ్లు పక్కన లేకుండా ఎంత సరదా అనిపించినా దిగకపోవడం, స్నేహితుడు మునిగిపోతుంటే తాను దూకకుండా సాయం చేయడం. నా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. దాని గురించి కింద విడిగా రాశాను.

ఏ వయసు నుంచి ఈత నేర్పవచ్చు?

పిల్లవాడికి ఏడాది నిండినప్పటి నుంచే తల్లిదండ్రుల చేతుల్లో ఉంచి నీటిని అలవాటు చేయవచ్చనీ, నాలుగేళ్లు వచ్చేసరికి ఎక్కువ మంది పిల్లలు పద్ధతిగా పాఠాలు నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటారనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు బడికి వెళ్లే వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు, సురక్షితంగా కాపాడే పద్ధతులు కలిపి నేర్పమని. మన ఊళ్లలో నేర్పేవారూ సదుపాయాలూ ఎంత ఉన్నాయో చూస్తే ఆరేడేళ్ల వయసు అనువైనదని నా అభిప్రాయం. ఒక్క మాట మాత్రం మరవవద్దు. ఈత వచ్చినంత మాత్రాన ఏ పిల్లవాడూ మునగకుండా ఉండడు. నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో పాఠాల మీద నమ్మకం పెట్టుకుని కాపలా సడలించడం చాలా ప్రమాదకరం.

మా ఇంటి దగ్గర చెరువు లేదు, కాలువ లేదు. మాకెందుకు భయం?

బోర్లా పడిన పసిపిల్లల ముక్కూ నోరూ మునగడానికి రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. స్నానాల గదిలోని బకెట్‌లోకి వంగి తలకిందులుగా పడితే, తిరిగి పైకి లేవడానికి కావలసిన బలం వాళ్ల చేతుల్లో ఉండదు. బకెట్ నిండా నీళ్లుంటే దాని బరువుకు అది ఒరగదు కూడా. అందుకే వాడేసిన నీళ్లను వెంటనే పారబోసి బకెట్లు, టబ్బులు బోర్లించి పెట్టాలి. స్నానాల గది తలుపుకు పిల్లలకు అందని ఎత్తులో గడియ ఉండాలి.

పట్టణాల్లో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది సంపు. ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీసి, పైపు పెట్టి, అది నిండేలోగా లోపలికి వెళ్లి మరో పని చూసుకోవడం మనందరి ఇళ్లలోనూ మామూలైపోయింది. మూత తెరిచి ఉన్నంతసేపూ ఒక మనిషి అక్కడే నిలబడి ఉండాలి. కట్టడం పూర్తికాని ఇళ్ల దగ్గర తడుపుకోసం నింపిన నీటి తొట్లు, పునాది గుంతల్లో నిలిచిన వాన నీళ్లు కూడా ఇలాంటివే.

బంగ్లాదేశ్‌లో పసిపిల్లలు ఎక్కువగా మునిగిపోయేది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు, అంటే తల్లి ఇంటి పనుల్లో మునిగి ఉన్న వేళల్లోనే అని గమనించి, ఆ నాలుగు గంటలూ పిల్లలను చూసుకునే కేంద్రాలను పల్లెల్లో ఏర్పాటు చేశారు. పసిపిల్లలను కాపాడటంలో అది బాగా పనిచేసింది. మన అంగన్‌వాడీకి పిల్లవాడిని క్రమం తప్పకుండా పంపడం కూడా ఒక రకంగా నీటి భద్రతేనని నేను తల్లులకు చెబుతుంటాను.

మునిగిపోయే పిల్లవాడు కేకలు వేస్తాడు కదా, వినపడదా?

చాలాసార్లు వినపడదు. కేక వేయాలంటే ముందు ఊపిరి అందాలి. మునుగుతున్న పిల్లవాడి నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది, పైకి వచ్చిన ఆ కొద్ది క్షణాలూ ఊపిరి పీల్చుకోవడానికే సరిపోవు. చేతులు పైకెత్తి ఊపడం కూడా అతని వశంలో ఉండదు. అవి తమంతట తామే రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతుంటాయి. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, ఒళ్లు నిటారుగా ఉంటుంది, కాళ్లు కొట్టడం కనిపించదు. దూరం నుంచి చూసేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. ఈ స్థితి 20 నుంచి 60 సెకన్లు మాత్రమే ఉంటుంది, ఆ తర్వాత మనిషి పూర్తిగా మునిగిపోతాడు.

కాబట్టి అల్లరి చేస్తున్న పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే వెంటనే చూడండి, పేరు పెట్టి పిలవండి. జవాబు రాకపోతే ఇంకేమీ ఆలోచించవద్దు. కాపలా ఉండటమంటే చిన్నపిల్లలకు చేయి చాస్తే అందేంత దగ్గర్లో, చేతిలో ఫోను లేకుండా ఉండటం. నలుగురు పెద్దలు ఒడ్డున కూర్చుని ఉన్నచోట, ఎవరికి వారు పక్కవాళ్లు చూస్తున్నారనుకోవడం వల్లనే ప్రమాదాలు జరుగుతాయి. అందుకని ఈ పావుగంట నువ్వు, తర్వాతి పావుగంట నేను అని పైకి చెప్పుకుని వంతులు వేసుకోవడం మంచిది.

వెల్లకిలా తేలడం ఎలా నేర్పాలి?

నేనైతే చేతులు కాళ్లు ఆడించడం కంటే ముందు దీనితోనే మొదలుపెడతాను. పిల్లవాడి నడుము లోతుకు మించని, కదలని నీళ్లలో నిలబడండి. ఒక అరచేతిని అతని తల కిందా రెండో అరచేతిని నడుము కిందా ఉంచి, మంచం మీద పడుకోబెట్టినట్లు మెల్లగా పడుకోబెట్టండి. చెవులు నీళ్లలో మునగాలి. చాలామంది పిల్లలు బెదిరేది ఇక్కడే, చెవుల్లోకి నీళ్లు వెళతాయని తల పైకెత్తుతారు, తల ఎత్తగానే నడుము దిగిపోతుంది. అందుకే మొదటి రోజంతా చెవులు ముంచి ఆకాశం చూడటం ఒక్కటే ఆటగా ఆడించినా నష్టం లేదు. తర్వాత గడ్డం కాస్త పైకి, పొట్ట పైకి, చేతులు రెండు పక్కలకూ చాపి, గుండె నిండా గాలి పీల్చి ఒక క్షణం నిలిపి వదలమనండి. ఊపిరితిత్తుల్లోని ఆ గాలే మనిషిని తేలుస్తుంది. కాళ్లు కొంచెం దిగినా ఫరవాలేదు, ముఖం పైన ఉంటే చాలు.

మీ చేతులను ముందు నడుము కింది నుంచి, తర్వాత తల కింది నుంచి తీయండి. మూడు సెకన్లతో మొదలై నిమిషం దాకా రావడానికి కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది. తొందరపెడితే భయం పట్టుకుంటుంది, ఆ భయం తర్వాత ఎన్నేళ్లయినా వదలదు.

బాగా వచ్చాక ఒకరోజు మామూలు బట్టలతో, వీలైతే బడి దుస్తులతోనే తేలమనండి. ప్రమాదవశాత్తూ నీళ్లలో పడే పిల్లలు ఈత దుస్తుల్లో పడరు. తడిసిన ప్యాంటు కాళ్లను ఎలా లాగుతుందో ముందే తెలిసిన పిల్లవాడు ఆ రోజున కంగారుపడకుండా ఉంటాడు.

మా తాతలు బెండ్లు, సొరకాయ బుర్రలు కట్టి బావిలో నేర్పేవారు. ఆ పద్ధతి తప్పా?

ఆ పద్ధతిలో తప్పులేదు, అందులో ఉన్న జాగ్రత్తలు మనం ఇప్పుడు వదిలేశాం. దిగుడు బావిలో వీపుకు బెండ్లో సొరకాయ బుర్రో కట్టి, నడుముకు తాడు చుట్టి, ఆ తాడు కొస పట్టుకుని ఒక పెద్దమనిషి మెట్టు మీద కూర్చునేవాడు, మరో ఇద్దరు నీళ్లలో ఉండేవారు. ఊళ్లో సగం మందికి ఈత వచ్చు. ఇప్పుడు పిల్లలు సామాజిక మాధ్యమాల్లో చూసి, వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని, పెద్దలెవరూ లేకుండా వాడుకలో లేని బావిలోకి దిగుతున్నారు. మెట్లు కూలిపోయి ఉంటాయి, డబ్బా ముడి జారితే పట్టుకోవడానికి అంచు ఉండదు. మోటారు ఉన్న బావిలో తెగిన వైరుతో కరెంటు ప్రమాదం కూడా ఉంటుంది. అసలు మోటారు ఆడుతున్న బావిలోకి ఎవరూ దిగకూడదు.

కొలనుల దగ్గర అమ్మే గాలి ఊదే చేతి బెలూన్లు, ట్యూబులు ఆటవస్తువులే తప్ప రక్షణ సాధనాలు కావు. ఇక పిల్లవాడిని ఒక్కసారిగా నీళ్లలోకి తోస్తే అదే వస్తుందన్న పాత మాట మాత్రం పూర్తిగా తప్పు. అలా నేర్చుకున్నవారి కథలే మనం వింటాం, భయపడి మళ్లీ ఎన్నడూ నీటి దగ్గరకు పోనివారి కథలు మనకు వినబడవు.

కొలనులో ఈత బాగా వచ్చిన పిల్లవాడిని చెరువులోకో కాలువలోకో పంపవచ్చా?

వెంటనే పంపకూడదు. కొలనులో అడుగు కనిపిస్తుంది, లోతు గోడ మీద రాసి ఉంటుంది, నీరు కదలదు. బయట ఈ మూడూ ఉండవు.

చెరువులో పెద్ద ముప్పు మట్టి తీసిన గుంతలు. పొలాలకు, ఇటుక బట్టీలకు, రోడ్లకు మట్టి తవ్వినచోట నిలువునా గోడలాంటి అంచు ఏర్పడుతుంది. వేసవిలో ఎండిన చెరువు వానలకు నిండాక ఆ గుంత పైకి కనిపించదు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు మరో అడుగు వేసేసరికి రెండు నిలువుల లోతులో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన చెరువే కదా అనుకోవడానికి వీల్లేదు, నిరుటి చెరువు ఈ ఏడు లేదు. తూము దగ్గర నీరు లోపలికి లాగుతుంది. అలుగు, తెలంగాణలో మత్తడి అంటాం, పారుతున్నప్పుడు చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది కానీ, నాచు పట్టిన ఆ రాళ్ల మీద పెద్దవాళ్ల కాలే నిలవదు.

సిమెంటు లైనింగ్ చేసిన కాలువల సంగతి వేరు. ఏటవాలు గోడలకు నాచు పడుతుంది, పట్టు దొరకదు, ఈత వచ్చినవారు కూడా ఎక్కలేక అలసిపోయి మునిగిపోతారు. కాలువలో పడితే ఎదురీదకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. వెల్లకిలా తేలి, కాళ్లు ప్రవాహం పోయే దిక్కుకు పెట్టి, కొట్టుకుపోతూనే మెల్లగా పక్కకు జరుగుతూ మెట్లున్నచోటో రేవు దగ్గరో ఒడ్డు పట్టుకోవాలి. క్వారీ గుంతల్లో అసలు దరే ఉండదు, ఒడ్డు నుంచే నిలువు లోతు. సేద్యపు గుంటల్లో అడుగున పరిచే ప్లాస్టిక్ పట్టా తడిస్తే దాని మీద పాకడం కూడా సాధ్యం కాదు. ఈ రెండింటిలోకీ ఏ పిల్లవాడూ, ఎంత ఈత వచ్చినా, దిగకూడదన్నది నా ఖచ్చితమైన మాట. గుంట చుట్టూ కంచె వేయడం, ముడులు వేసిన తాడు ఒకటి గట్టున మేకుకు కట్టి నీళ్లలోకి వదిలి ఉంచడం రైతు చేయగలిగిన పనులే.

నదిలో నీరు మన కళ్లముందు పెరగకపోయినా, ఎగువన ప్రాజెక్టు గేట్లు తెరిస్తే నిమిషాల్లో పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగినవారు కారు, బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నవారు. కృష్ణా, గోదావరి ఒడ్డున ఉన్నవారు కూడా, నీటి రంగు మారినా, చెత్తా కొమ్మలూ కొట్టుకొస్తున్నా, సైరన్ మోగినా సామాన్లు వదిలేసి వెంటనే పైకెక్కాలని పిల్లలకు నేర్పాలి. ఇసుక తవ్విన గుంతల విషయంలో చెరువుకు చెప్పినదే నదికీ వర్తిస్తుంది.

విశాఖపట్నం వెళ్తున్నాం. సముద్రంలో పిల్లలను ఆడనివ్వవచ్చా?

మడమలు తడిసే దాకా, చేయి పట్టుకుని, లైఫ్‌గార్డులున్న చోట ఆడనివ్వండి. విశాఖ తీరంలో తిరుగు ప్రవాహాలు తరచుగా ఏర్పడతాయి. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఒక ఇరుకు దారి చేసుకుని వేగంగా లోపలికి పోతుంది. చిత్రమేమిటంటే ఆ దారిలో అలలు విరగవు, కాబట్టి అటూ ఇటూ ఉన్నచోటు కంటే అక్కడే నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. దానిలో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతోపాటు బయటికి రావాలి. అది కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుందంతే. ఈ సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. అలలు ఎగసిపడే రోజుల్లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ హెచ్చరికలు విడుదల చేస్తుంది, బయలుదేరే ముందు చూసుకోండి.

స్నేహితుడు మునిగిపోతుంటే పిల్లవాడు ఏం చేయాలి?

దూకకూడదు. ఈ ఒక్క మాట పిల్లల మనసులో నాటుకునే దాకా చెప్పాలి. ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకే తరగతి స్నేహితులు ముగ్గురు నలుగురు ఒకేచోట చనిపోయారన్న వార్తల్లో చాలావాటి వెనుక జరిగేది ఇదే. మొదట ఒకడు జారతాడు, వాడి కోసం రెండోవాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు దిగుతారు. మునుగుతున్న మనిషి ఏది దొరికితే దాని మీదికి ఎక్కుతాడు. అది దుర్మార్గం కాదు, ప్రాణభయం. ఎదురుగా వచ్చిన పిల్లవాడి మెడ పట్టుకుని ముంచేస్తాడు. ఈత వచ్చిన పెద్దవాళ్లే అలా పోయిన సందర్భాలున్నాయి.

ముందు గట్టిగా కేకలు వేసి పెద్దవాళ్లను పిలవాలి. ఆ కేకలు వేస్తూనే ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, వెదురు బొంగో, చెట్టు కొమ్మో అందించాలి. నిలబడి అందిస్తే అతను లాగినప్పుడు మనమే నీళ్లలో పడతాం. కర్ర అందకపోతే చున్నీ, చీర, తువ్వాలు, పంచె, రెండు చొక్కాలు ముడివేసి విసరవచ్చు. అవీ అందనంత దూరంలో ఉంటే తేలే వస్తువు ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు, లారీ ట్యూబు, ఏదైనా సరే. రెండు లీటర్ల ఖాళీ సీసాలు రెండు గుండెకు హత్తుకుంటే పిల్లవాడి ముఖం నీళ్ల పైన నిలుస్తుంది. విసిరాక "పట్టుకో, వెల్లకిలా పడుకో" అని అరుస్తూ ఉండాలి.

దీన్ని మాటలతో చెప్పి వదిలేస్తే సరిపోదు. వాకిట్లో ముగ్గుపిండితో ఒక గీత గీసి అటువైపు నీళ్లనుకోమని, ఒకరిని మునిగేవాడిగా నిలబెట్టి, మిగతావాళ్లతో చున్నీ విసిరించండి. గీత దాటినవాడు ఓడినట్లు. మా పిల్లలు ఈ ఆటను ఎంతో ఇష్టంగా ఆడతారు. మరో సంగతి కూడా పిల్లలకు చెప్పి ఉంచాలి. చెప్పకుండా ఈతకు వెళ్లామని తిడతారన్న భయంతో, స్నేహితుడు మునిగినా ఇంటికి వచ్చి మౌనంగా కూర్చున్న పిల్లలున్నారు. ఏం జరిగినా ముందు పరుగెత్తుకుని వచ్చి చెప్పండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు అని మీరే ముందుగా మాట ఇవ్వండి.

నీళ్లలోంచి బయటికి తీశాక ఏం చేయాలి?

పిలిస్తే పలకకపోతే, మామూలుగా ఊపిరి తీయకపోతే, ఒకరిని 108కి ఫోన్ చేయమని చెప్పి వెంటనే శ్వాస అందించడం మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నుదుటిని కాస్త వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేలా గాలి ఊదాలి. మొదట రెండు నుంచి ఐదు సార్లు ఊదాలి, ఎందుకంటే మునిగినవారికి ముందు తక్కువైంది ప్రాణవాయువే. తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదాలి. ఊపిరి వచ్చే దాకా, లేదా వైద్య సిబ్బంది చేరే దాకా ఆపకూడదు. నోటి నుంచి నురుగు వచ్చినా దాన్ని తుడుస్తూ కూర్చోకుండా కొనసాగించాలి, వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి శుభ్రం చేయాలి.

కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, భుజాన వేసుకుని పరుగెత్తడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. ఆ నీళ్లు చాలావరకు పొట్టలోవి. వాటిని కక్కిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఉప్పులో పూడ్చిపెడితే మునిగినవారు బతుకుతారంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశం పూర్తిగా అబద్ధం. దయచేసి దాన్ని ఎవరికీ పంపవద్దు, పంపినవారికి అబద్ధమని చెప్పండి.

బయటికి తీశాక లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు. అయినా ఆసుపత్రికి వెళ్లాలా?

స్పృహ తప్పినా, ఎవరైనా శ్వాస అందించవలసి వచ్చినా తప్పనిసరిగా వెళ్లాలి. కొద్దిగా నీళ్లు మింగి దగ్గి తేరుకున్న పిల్లవాడిని ఆ రోజంతా గమనించాలి. ఆగని దగ్గు, వేగంగా ఊపిరి తీయడం, మగతగా ఉండటం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

పడవ ఎక్కినప్పుడు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరా?

తప్పనిసరి. పిల్లల కొలతది కావాలి, పట్టీలన్నీ బిగించాలి, భుజాల దగ్గర పట్టుకుని ఎత్తితే చెవుల మీదికి జారకూడదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. అలాంటి వేళ జాకెట్ వెతికి తొడుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. ఉక్కపోస్తోందని విప్పి పక్కన పెట్టిన జాకెట్ లేనట్లే.

ఆడపిల్లలకు కూడా ఈత నేర్పాలా?

తప్పకుండా నేర్పాలి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. బట్టలుతకడానికి రేవుకు వెళ్లేది ఎక్కువగా అమ్మాయిలే. బతుకమ్మను సాగనంపడానికి, వానాకాలం చివర చెరువులు నిండి ఉన్న రోజుల్లో, పొడవాటి లంగాలతో మెట్ల అంచు దాకా దిగేదీ వాళ్లే. ఈత దుస్తులు అభ్యంతరమైతే పంజాబీ డ్రెస్సుతోనే నేర్పించండి, నేర్పే మహిళ దొరకకపోతే తల్లి పక్కనుండగా నేర్పించండి. ఈత సంగతి తేలే లోపు వెల్లకిలా తేలడమైనా రావాలి.

మూర్ఛ ఉన్న పిల్లవాడిని నీళ్లలోకి దింపవచ్చా?

డాక్టరును అడిగి, మందులు క్రమంగా వేసుకుంటూ ఉంటే, అతని ఒక్కడి మీదే కన్నేసి ఉంచే ఈత వచ్చిన పెద్దవారితో దింపవచ్చు. ఇంట్లో టబ్బు స్నానం వద్దు, కూర్చుని చెంబుతో పోసుకోవాలి, స్నానాల గదికి లోపలి గడియ పెట్టుకోకూడదు.

మా ఊళ్లో పెద్ద ఖర్చు లేకుండా ఏమైనా చేయగలమా?

చేయగలరు. నీటిలో మునిగి చనిపోవడాన్ని నివారించడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2023 డిసెంబరులో ఒక ప్రణాళికను విడుదల చేసింది. అయితే ఊరి చెరువు కోసం దేనికీ ఎదురుచూడనక్కర లేదు. పిల్లలు వెళ్లే ప్రతి రేవు దగ్గరా ఒక స్తంభానికి, మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాను, దానికి కట్టిన 15 మీటర్ల నైలాన్ తాడు వేలాడదీయండి. పక్కనే ఎంత లోతుందో, గుంతలు ఎటున్నాయో, 108 నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. చెరువులో మట్టి తీసినప్పుడు ఆ గుంతల చుట్టూ ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతించండి. తాడు ఎండకు పెళుసుబారుతుంది, క్యాను ఎవరో పట్టుకుపోతారు. కాబట్టి నెలకోసారి వెళ్లి చూసే బాధ్యతను బడిలోని పై తరగతి పిల్లలకు అప్పగించండి. చూసిన తేదీని సుద్దముక్కతో ఆ స్తంభం మీదే రాయమనండి.